బడంగ్‌పేట్ దుర్గం మీద దండయాత్ర

మా పెళ్ళయిన నలభై రెండో రోజున నేను మా అత్తవారి ఊరి మీద దండెత్తాను. నవ్వకండి, పూర్తిగా వినండి.

ఆ రోజు తెలంగాణ బంద్. ఆఫీసు లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి చివర వంటావార్పు అని ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యి పెట్టారు. పులిహోర వాసన మా మూడో అంతస్తు దాకా వస్తోంది. బడంగ్‌పేట్‌లో మా అత్తగారు భోజనానికి రమ్మన్నారు. నాకేమో కంప్యూటర్లో రాజ్యం ఉంది.

పాతకాలపు రాజుల ఆట అది. నాది దిల్‌సుఖ్ సామ్రాజ్యం. ఆ ఆటలో ఒక్కో రాజవంశాన్ని ఫ్యాక్షన్ అంటారు, ఒక్కో ఫ్యాక్షన్‌కీ ఒక లక్ష్యం ఇస్తారు. ఇరవై ఎత్తుల్లోగా కొండమీది కోట నా వశం కావాలి, లేకపోతే సింహాసనం పోతుంది. ఊళ్ళకు మనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు కనుక, కొత్త పెళ్ళికొడుకు మురిపెంతో ఆ కోటకు బడంగ్‌పేట్ దుర్గం అని పెట్టాను. ఇక మిగిలినవి మూడే ఎత్తులు.

"బస్సుల్లేవు కదా లక్ష్మీ, ఎలా వెళ్తాం?" అన్నాను దిగులు మొహం పెట్టి.

"మన బండి ఉంది గద."

"బంద్ నాడు బండి తీస్తే ఏం బాగుంటుంది? ఉద్యమానికి నా వంతు మద్దతు."

మా ఆవిడ యాదలక్ష్మి, తెనాలివాణ్ణయిన నన్ను ఎగాదిగా చూసింది. "తెనాలి నుంచి ఇంత మద్దతు ఒస్తదనుకోలే," అని ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

నేను ఏనుగులను ముందుకు తోలుతుంటే ఆమె మాటలు వినిపించాయి. "రాలేం నాయినా. ఈయన ఫ్యాక్షన్‌ల ఉన్నరు... ఆఁ, పొద్దుగాల నుంచి గదే. బడంగ్‌పేట మీద దాడి చేస్తరట."

నా ఆట సంగతి ఎంత ముద్దుగా చెబుతోందో అనుకున్నాను.

రెండు గంటల తర్వాత, సరిగ్గా నా ఆఖరి ఏనుగు కందకంలో పడిన క్షణాన, తలుపు దబదబ మోగింది. మా మామగారు అంతయ్య, చేతిలో కర్ర. వెనక అత్తగారు సుమిత్రమ్మ, చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. కర్మన్‌ఘాట్ మీదుగా నడిచొచ్చారట. మోకాళ్ళ దాకా దుమ్ము.

"ఎవలతోటి లొల్లి అల్లుడా నీకు? ఫ్యాక్షనంటే సినిమాల్ల చూసిన గని, మనింట్లకే ఒస్తదనుకోలే. మీ దిక్కు ఎంతమంది ఉన్నరు?"

"నాలుగు వేలమంది, మామయ్యగారూ," అని నోరు జారాను.

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. "బడంగ్‌పేట ఏం జేసింది బిడ్డా నీకు? కోడికూర తినరమ్మన్నందుకా?"

వాళ్ళిద్దరినీ తెర ముందుకు లాక్కెళ్ళి చూపించాను. మామగారు కాసేపు చూసి, కర్ర గోడకు ఆనించి, నా పక్కనే కుర్చీ వేసుకున్నారు.

"గా తూర్పు గోడ ఒట్టిగుంది. గటు పో."

అటే పోయాను. పదిహేను వందలమంది అక్కడే పోయారు. ఇక ఒక్కటే ఎత్తు.

"జరగుండ్రి," అంది యాదలక్ష్మి. తెర మీది లక్ష్యాన్ని వేలు పెట్టి చదివింది. "వశం కావాలె అన్నరు. కొట్టాలె అనలే."

రెండు మీటలు నొక్కి, నా రాజకుమారుణ్ణి ఆ కోటకు పెళ్ళికొడుకుగా పంపింది. తలుపులు తెరుచుకున్నాయి. సన్నాయి మోగింది. మూడు వారాలుగా ఆ మీట నాకు కనబడనేలేదు.

"ఒక్క మాటకే ఎలా ఒప్పుకున్నారు?"

"మా నాయిన ఒప్పుకోలేదా మీ సంబంధం? గట్లనే."

భోజనాల దగ్గర ఆమె చెవిలో అడిగాను, "ఆట అని చెప్పొచ్చుగా, ఫ్యాక్షన్ అనడమెందుకు?"

"ఆటంటే ఫోన్ పెట్టేస్తరు. ఫ్యాక్షనంటే ఉరికొస్తరు. అమ్మను చూడబుద్ధయింది." నా కంచంలో కోడి కాలు వేసింది. "సంధిల ఇంకో షరతుంది. ప్రతి ఆదివారం రాజు బడంగ్‌పేట కోటకు పోవాలె."

"ఆటలో అలాంటిదేమీ లేదే?"

"ఆటల లేదు," అంది.

తర్వాతి ఆదివారం ఆమె జడ వేసుకోవడం పూర్తి కాకముందే, రాజుగారు కింద బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నారు.