ఎవాంథియా మొక్కిన కేకు

ఏళ్ళుగా నాకొక సందేహం. గ్రీసులోని మా కొక్కినియా వాడలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ అట్టముక్కంత పలచన. టర్కీలోని స్మిర్నా నుంచి కట్టుబట్టలతో వచ్చిన మా పెద్దలకు సర్కారు వరుసగా గదులు కట్టి పంచింది. ఈ గదిలో ప్రార్థన చేస్తే పక్క గదివాళ్ళు ఆమెన్ అంటారు. మరి ఏ కోరిక ఎవరిదో దేవుడు ఎలా పోల్చుకుంటాడు? ఫాదర్‌ని అడిగితే, "నువ్వు కాస్త మెల్లగా ప్రార్థించు నాయనా" అన్నారు.

అలాంటి చోట ఎవాంథియా ఒక రహస్యం దాచాలనుకుంది.

ఆ శనివారం పొద్దున్నే లేచి ఇల్లు కడిగింది. మరునాడు కూతురు అనతోలీని చూడటానికి పిరయస్ రేవు నుంచి పెళ్ళివారు వస్తున్నారు. ముఖం కడుక్కుని కిటికీలోని గ్లాసులో చెయ్యి పెట్టింది. నీళ్ళున్నాయి, కట్టుడుపళ్ళు లేవు. మంచం కింద, పొయ్యి వెనక, చివరికి పిల్లి పడుకునే బుట్టలో కూడా వెతికింది. భర్త ప్రొద్రొమోస్‌ని అడుగుదామంటే ఆయన తెల్లవారకముందే ఎటో వెళ్ళిపోయాడు. బోసినోటితో పెళ్ళివారిని ఎలా ఆహ్వానించడం? అసలు ఆమెవి కట్టుడుపళ్ళని వాడలో ఎవరికీ తెలియదు.

పోయినవి వెతికిపెట్టే పునీతుడు ఫనూరియోస్. ఆయనకు కేకు మొక్కుకుంది. వెంటనే పిండి కలిపి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, పళ్ళెంతో రొట్టెల బట్టీకి నడిచింది.

"ఫనూరియోస్ కేకా! ఏం పోయిందక్కా?" అన్నాడు బట్టీ స్ట్రాతీస్, వరుసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా. "ఉంగరమా?"

ఎవాంథియా గడ్డం పైకెత్తి కాదంది.

"కోడా?"

మళ్ళీ గడ్డం ఎత్తింది.

"ఉంగరం కాదు, కోడి కాదు. మరి నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడుస్తోందేంటర్రా?" అంది పక్కింటి మక్రీనా. ఆ తర్వాత గొంతు తగ్గించి, "పొద్దున్నుంచి వాళ్ళింట్లో మగమనిషి దగ్గు కూడా వినబడలేదు" అంది.

కేకు పొంగేలోపు వాడ నోళ్ళలో ప్రొద్రొమోస్ ఇల్లు వదిలేశాడు. చర్చిలో ఫాదర్ దాన్ని దీవించేలోపు టోపీల కొట్టు విధవరాలితో లేచిపోయాడు. ఎవాంథియా వాకిట్లో నిలబడి ముక్కలు పంచే వేళకు ఇద్దరూ ఓడ కూడా ఎక్కేశారు.

"దేవుడు పునీతుడి తల్లిని క్షమించుగాక" అని, పాపిష్టిదని పేరుపడ్డ ఆ తల్లి కోసం అందరూ ఆనవాయితీ ప్రకారం అనుకుని నోట్లో వేసుకున్నారు.

"ఆవిణ్ణి క్షమించినా పర్లేదు గానీ వీణ్ణి క్షమించకూడదు" అంది మక్రీనా నములుతూ. "రేపు పెళ్ళిచూపులు పెట్టుకుని! తండ్రి లేచిపోయిన ఇంటి పిల్లని ఎవడు చేసుకుంటాడు? పిరయస్‌కి కబురు పంపి ఆపించేద్దామా వదినా?"

ఎవాంథియా హడలిపోయి రెండు చేతులూ ఊపింది. రుమాలు జారబోతే గబుక్కున నోరు కప్పుకుంది.

"అయ్యో, వెక్కుతోంది పాపం!"

సరిగ్గా అప్పుడే ప్రొద్రొమోస్ ఈలవేస్తూ వాకిట్లో అడుగుపెట్టాడు.

"అదుగో! పునీతుడు ఈడ్చుకొచ్చాడు!"

చీపుర్లు లేచాయి. "సిగ్గులేదా అన్నయ్యా? ఏం తక్కువ చేసింది మా వదిన?" ప్రొద్రొమోస్ తల వదిలేసి, కోటు జేబును రెండు చేతులా కాపాడుకున్నాడు.

"జేబులో చూడండే! దాని ఫొటో అయ్యుంటుంది!"

మక్రీనా కాగితం పొట్లం లాగి విప్పింది. అందులోంచి నిండు పలువరస వాళ్ళందర్నీ చూసి నవ్వింది.

"గ్లాసులో నీళ్ళు మారుస్తుంటే జారిపడ్డాయి, చీకట్లో తొక్కేశానమ్మా!" అని మొత్తుకున్నాడు ప్రొద్రొమోస్. "అతికించుకొచ్చా. మా ఆవిడ పరువు పోతుందని ఎవరికీ చెప్పకుండా పోయా!"

ఎవాంథియా రుమాలు తీసి, పళ్ళు లాక్కుని పెట్టుకుని, పొద్దుటినుంచి ఆపుకున్నదంతా ఒక్కసారే వదిలింది. "నా మొగుణ్ణి కొట్టడానికి మీరెవరే? రేపు పెళ్ళివారి ముందు ఎవరైనా నోరు విప్పారో, ఈ చీపురే నా చేతిలో ఉంటుంది!"

మక్రీనా మాత్రం తొణకలేదు. "కోప్పడకు వదినా. యుద్ధంలో ఈ అన్నయ్య జాడ తెలియనప్పుడు నా పక్కనే నిలబడి ఫనూరియోస్‌కి కేకు మొక్కావు. అన్నయ్య తిరిగొచ్చాడు. అప్పుడు పిండి దొరకలేదు, ఆ తర్వాత నువ్వు మరిచిపోయావు. ఇవాళ ఇంతమందిమీ అన్నయ్య దొరకాలనే తిన్నాం. ఈ కేకుతో ఆ పాత బాకీ తీరిపోయింది."

ఎవాంథియా ఎంత ఆలోచించినా అందులో తప్పు కనబడలేదు. పళ్ళ మొక్కు ఇంకా అలాగే ఉంది కాబట్టి, లోపలికి వెళ్ళి మళ్ళీ పిండి జల్లెడ దించింది.