సొంత కుర్చీ

రెండువేల పదిహేడు, మార్చి పద్నాలుగు, మంగళవారం. యార్క్‌షర్‌లోని థోర్న్‌డేల్ పట్టణంలో, ఓల్డ్‌రాయిడ్ వారి వంటింట్లో ఉదయం ఏడు గంటలకు హాజరైనవారు ముగ్గురు: ఇంటి యజమాని క్లైవ్, అతని భార్య బెవర్లీ, ఆమె తమ్ముడు ట్రెవర్. తన ఇంట్లో గదులు వెచ్చబెట్టే బాయిలరు చెడిపోయిందన్న కారణంతో ట్రెవర్ నెల కిందట అక్క దగ్గరికి వచ్చాడు. బాయిలరు బాగై మూడు వారాలయింది. ఆనాటి సభలో చర్చనీయాంశం ఒక్కటే: క్లైవ్ ఎవరు?

ఆ ప్రశ్న లేవదీసింది ప్రభుత్వం. పదకొండేళ్ళుగా క్లైవ్ పురపాలక కార్యాలయానికి మురుగుకాలువల పటాలు గీసి ఇస్తున్నాడు. ఉద్యోగిగా కాదు, తానే యజమానీ తానే సిబ్బందీ అయిన ఒక చిన్న కంపెనీ పేరిట, కాంట్రాక్టరుగా. జ్వరమొస్తే ఆ రోజు రాబడి లేదు. సముద్రతీరానికి వెళ్తే ఆ వారం రాబడి లేదు. అందుకు బదులుగా పన్నులో కొంత వెసులుబాటు, ఎవరికీ తలవంచనక్కర్లేదన్న పెద్ద తృప్తి ఉండేవి. ఏప్రిల్ ఆరు నుంచి కొత్త నిబంధన వస్తోంది. ఇలాంటివాడు నిజంగా స్వతంత్రుడా, లేక కాంట్రాక్టరు వేషంలో ఉన్న ఉద్యోగా అన్నది ఇకపై అతనికి పని ఇచ్చే కార్యాలయమే తేలుస్తుంది. ఉద్యోగి అని తేలిందా, పన్ను ఉద్యోగిలాగే కోసుకుంటారు. సెలవులు, పింఛను మాత్రం ఇవ్వరు.

"మెడకు పలుపు వేస్తారట, మేత మాత్రం వేయరట!" క్లైవ్ బల్ల మీద గుద్దాడు. చెంచాలు ఎగిరిపడ్డాయి. "పదకొండేళ్ళు నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను. ఇప్పుడు నేనెవరో వాళ్ళు చెబుతారా?"

"గుడ్డు చల్లారిపోతోంది, నువ్వెవరైనా సరే తిను," అంది బెవర్లీ.

ట్రెవర్ నిబంధనల కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. "ఇదిగో బావా, దారి ఇక్కడే ఉంది. స్వతంత్రుడైతే తన సామాను తనే తెచ్చుకోవాలట. సిబ్బందికిచ్చేవి ముట్టకూడదట. ఎవరి ఆజ్ఞా వినకూడదట. అవసరమైతే తన బదులు ఇంకో మనిషిని పంపగలగాలట. ఇవన్నీ చేసి చూపించు. ఎందుకు చేస్తున్నావో మాత్రం ఎవరికీ చెప్పకు. నాటకమనుకుంటారు."

క్లైవ్ జీవితంలో బావమరిది సలహా పాటించడం అదే మొదలు.

ఆ ఉదయమే అతడు భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి, కెటిల్, దీపం వ్యాన్‌లో వేసుకుని కార్యాలయానికి వెళ్ళాడు. పురపాలక సంఘం వారి కుర్చీని మర్యాదగా గోడవైపు తిప్పి, తన కుర్చీ వేసుకున్నాడు. పక్క బల్ల దగ్గరి గ్లినిస్ కళ్ళద్దాలు సవరించుకుంది. ఆమె ఆ అంతస్తు మొత్తానికీ తల్లిలాంటిది. అందరి జబ్బులూ ఆమెకు కంఠస్థం.

"నడుం నొప్పా, నాయనా?"

"ఏం లేదు గ్లినిస్. ఇక నుంచి ఇంతే."

పదకొండు గంటలకు కేకు వచ్చింది. పుట్టినరోజు గ్లినిస్‌దే. నిమ్మకాయ కేకు, పైన పంచదార పొర; పదకొండేళ్ళలో క్లైవ్ రెండో ముక్క అడగని సందర్భం లేదు. ఇప్పుడతడు పళ్ళెం వైపు చూశాడు, గుటక వేశాడు, తల తిప్పుకున్నాడు.

"వద్దు."

"ఒక్క ముక్క!"

"తింటే నా పని అయిపోయినట్టే," అన్నాడు క్లైవ్, పళ్ళెం దూరంగా జరుపుతూ.

మధ్యాహ్నం భోజనాల వేళకు క్లైవ్‌కు మధుమేహం. టీ వేళకు, అతడు అందరి కెటిల్ ముట్టకుండా తన నీళ్ళు తానే కాచుకోవడం చూసి, అది అంటుకునే జబ్బు కూడా అయింది. సాయంత్రానికి ఇక దాని పేరు ఎవరూ పైకి అనడం లేదు.

గురువారం అగ్నిమాపక అభ్యాసపు గంట మోగింది. అందరూ మెట్ల వైపు కదిలారు. క్లైవ్ మాత్రం లేవలేదు. ఎవరి ఆజ్ఞా విననివాడు గంట ఆజ్ఞ వింటాడా?

"లే నాయనా, కిందికి పోదాం," అంది గ్లినిస్.

"లేవను. ఇప్పుడు లేచానంటే ఇన్నాళ్ళ బతుకూ వృథా."

గ్లినిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండు నిమిషాల్లో, నడవలేనివారిని దించడానికి మెట్ల దగ్గర ఉంచే పట్టీల కుర్చీతో ఇద్దరు బలమైన గుమాస్తాలు వచ్చారు. "నన్ను ముట్టుకోవద్దు! నేను మీవాణ్ణి కాను!" అని క్లైవ్ అరుస్తూనే ఉన్నాడు. "సంధి ప్రేలాపన," అనుకుంటూ వాళ్ళతణ్ణి కట్టి, మూడంతస్తులూ జాగ్రత్తగా దించారు. కింద కార్లు నిలిపే చోట గుమిగూడిన జనం దారి ఇచ్చి, తలలు వంచుకున్నారు.

మరునాడు బల్ల మీద పూలు, త్వరగా కోలుకోవాలని నలభైమంది సంతకాలు చేసిన కార్డు ఉన్నాయి. సిబ్బందికి దక్కే ఆదరణ! క్లైవ్ వాటిని రెండు చేతులతో వెనక్కి నెట్టాడు. "ఇవి తీసుకునే హక్కు నాకు లేదు." లెక్కల విభాగం వాడొకడు కిటికీ దగ్గరికి వెళ్ళి ముక్కు చీదుకున్నాడు.

ఇక మిగిలింది ఆఖరి రుజువు: బదులు మనిషి. ఆ తరువాతి సోమవారం నుంచి క్లైవ్ ఇంట్లోనే పటాలు గీసి, చుట్టచుట్టి, ట్రెవర్ చేతికిచ్చి పంపసాగాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన ట్రెవర్‌కు ఊళ్ళో పైనున్న వీధులన్నీ తెలుసు. కింద ఏం పారుతోందో అతనెన్నడూ పట్టించుకోలేదు. అయినా మొదటి గంటలోనే మూడు ముక్కల కేకు తిని, అందరికీ ఆప్తుడయ్యాడు.

"బావగారికి ఎలా ఉంది?" గ్లినిస్ గొంతు తగ్గించి అడిగింది.

"ఏం చెప్పమంటారు! రాత్రుళ్ళు నిద్ర లేదు. పైకప్పు చూస్తూ పళ్ళు కొరుకుతాడు. ఏప్రిల్ ఆరు దాటితే గానీ ఏ సంగతీ తేలదంటున్నాడు."

"అంత దగ్గరికొచ్చిందా?"

"తేదీ పైవాళ్ళు పెట్టారు. మన చేతుల్లో ఏముంది?"

నెలాఖరు శుక్రవారం క్లైవ్‌కు పిలుపు వచ్చింది. తన కుర్చీ తానే మోసుకుని విభాగాధికారి హిలరీ ప్రౌట్ గదిలోకి వెళ్ళాడు. లోపల గ్లినిస్, ట్రెవర్ ఉన్నారు. మధ్యలో ఒక నిమ్మకాయ కేకు.

"కూర్చోండి క్లైవ్, నెమ్మదిగా," అంది హిలరీ. "మీ విషయం తేల్చాం. సొంత కుర్చీ, సొంత కెటిల్, బదులు మనిషి, ఎవరి మాటా వినకపోవడం. ఇంత నిఖార్సయిన స్వతంత్రుణ్ణి నేను చూడలేదు. పోయిన వారమే అలా రాసి సంతకం పెట్టేశాను."

క్లైవ్ ఛాతీ పదకొండేళ్ళ గాలితో నిండింది. అతడు ట్రెవర్ వైపు దాదాపు ప్రేమగా చూశాడు.

"కానీ మాకు మనసొప్పలేదు," హిలరీ కళ్ళు తుడుచుకుంది. "ఇలాంటి స్థితిలో మిమ్మల్ని బయటివాడిగా వదిలేస్తామా? నలభైమందీ అర్జీ రాశారు. నేను పైవాళ్ళ కాళ్ళూవేళ్ళూ పట్టుకున్నాను. నిన్న ఒప్పుకున్నారు. పాత నిర్ణయం కొట్టేశాం. మీరు ఉద్యోగే!"

గ్లినిస్ చప్పట్లు కొట్టింది.

"నాకే జబ్బూ లేదు!" క్లైవ్ కేక గాజు తలుపును కదిలించింది.

"అదీ గుండె ధైర్యమంటే!" అంది గ్లినిస్.

"లేదంటుంటే! గుర్రంలా ఉన్నాను! నా పన్ను నేనే కట్టుకుని, నా బతుకు నేను బతకాలనుకున్నాను. అదీ నేరమేనా?" ఊపిరి తీసుకుని, చివరి ఆశతో అడిగాడు. "సరే, ఉద్యోగినే అనుకుందాం. సెలవులు ఇస్తారా?"

హిలరీ కాగితం వైపు చూసింది. "అవి ఉండవు. మీరు పన్ను వరకే ఉద్యోగి."

"జబ్బుపడితే జీతం?"

"పన్ను వరకే, క్లైవ్."

"ఈ నిర్ణయం మీద అభ్యంతరం చెప్పుకోవాలంటే ఎవరికి చెప్పాలి?"

"నాకే చెప్పాలి. నేనే విచారించి, నా నిర్ణయం సరైనదో కాదో తేలుస్తాను."

క్లైవ్‌కు ఇంకేమీ మిగల్లేదు, కేకు తప్ప. పదిహేడు రోజుల నిగ్రహాన్ని వదిలేసి పళ్ళెం వైపు చెయ్యి చాచాడు. హిలరీ ఇబ్బందిగా దగ్గింది.

"అది... సిబ్బంది చందాలతో కొన్నది. మీరు చందాదారు కారు కదా. ట్రెవర్ అంటే అతిథి."

"బ్రహ్మాండంగా ఉంది బావా," అన్నాడు ట్రెవర్, నోరు ఖాళీ చేసుకోకుండానే.

క్లైవ్ నిర్ణయపత్రం ముట్టినట్టు సంతకం చేశాడు. తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి, తన కెటిల్‌లో వేసి, మూత బిగించాడు. ఆ సాయంత్రం ఆ కార్యాలయం నుంచి కుర్చీని చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిన ఉద్యోగి అతనొక్కడే.