గుట్టలోకి పోయిన వంటరాళ్లు

కనుచూపు మేరా కొండలే నిలబడి ఉన్న లోయలో మనుషులు మరో కొండను ఎందుకు కట్టాలి? ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పవలసినవారు పైన ఉన్నారు. అడగవలసినవారు రాళ్లు మోస్తున్నారు.

పవిత్ర గుట్ట నిర్మాణ విధానం నిర్దుష్టమైనది. ప్రతి ఇల్లూ రెల్లుతో సంచి అల్లి, రాళ్లు నింపి, గుమ్మం బయట పెట్టాలి. మోతగాళ్లు దాన్ని సంచితో సహా గుట్టలో పేరుస్తారు. (సంచి విప్పి చూడడం గుట్టను శంకించడమే. శంకించడానికి వేరే అధికారి ఉన్నాడు.)

కూతురి పురిటికి ఇల్లు సర్దుతూ ఉర్కి తన వంటరాళ్ల సంచిని కాసేపు గుమ్మం బయట పెట్టింది. మోతగాళ్లు దాన్ని భక్తితో ఎత్తుకుపోయారు.

కుండ ఎలా చేయాలో ఈ లోయలో ఇంకా ఎవరికీ తోచలేదు. గుట్ట ఎలా కట్టాలో మాత్రం తోచింది. కనుక చారు కాగాలంటే సొరబుర్రలోని నీళ్లలో కాలిన రాళ్లు వేయాలి. మామూలు ఏటిరాళ్లు నిప్పుల్లో పేలిపోతాయి. పేలనివి ఉర్కికి తల్లి ఇచ్చినవి. (వంటరాయి పరాయి పొయ్యి చేరితే కీడని ఎవరూ అరువివ్వరు.) వేడి చేపలచారు లేక బాలింతకు పాలు పడలేదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

ఉర్కి గుట్టెక్కి, సంచుల స్వీకరణాధికారి తాంబెల్ ముందు నిలబడింది.

"నాయనా, నా వంటరాళ్లు పొరపాటున ఇక్కడికొచ్చాయి. అదిగో, గోధుమరంగు దారంతో ముడేసిన సంచి. చెయ్యి చాపితే అందుతుంది."

తాంబెల్ చూశాడు. నిజంగానే అందుతుంది.

"అది సంచి కాదత్తా. ఇప్పుడది గుట్ట."

"మొన్నటిదాకా మా పొయ్యి పక్కనే ఉందిరా!"

"మొన్నటిదాకా నేనూ వట్టి మోతగాణ్ణే. ఫిర్యాదు చెయ్యాలంటే ఓ సంచెడు రాళ్లు తే. వట్టి చేతుల్తో వస్తే గుట్ట వినదు."

"తెస్తే వింటుందా?"

"వింటుంది. జవాబు చెప్పదంతే."

ఉర్కి తెచ్చింది. తాంబెల్ దాన్ని రెండు చేతులా అందుకుని, సరిగ్గా ఆమె సంచి మీదే పేర్చాడు.

"అయ్యో, దానిమీదే పెట్టావేంట్రా!"

"ఏ ఫిర్యాదు ఎక్కడ పుట్టిందో అక్కడే పెట్టాలి. లేకపోతే కలిసిపోవూ? ఇప్పుడు నీ సంచి తియ్యాలంటే ఫిర్యాదును కదపాలి. అది పైవాళ్ల పని. వాళ్లకి పెద్ద సంచి తేవాలి."

ఆమె పెద్ద సంచి తెచ్చింది. ఆలస్యం గురించి అడగడానికి ఇంకొకటి తెచ్చింది. చివరికి, బిడ్డ ఇక ఏడవడం లేదనీ, రాళ్లతో పని లేదనీ చెప్పడానికి వట్టి చేతులతో వచ్చింది. ఫిర్యాదు ఉపసంహరణకూ సంచి అవసరమని తాంబెల్ మర్యాదగా గుర్తుచేశాడు.

ఆ ఏడు గుట్ట మునుపెన్నడూ లేనంత ఎత్తు పెరిగింది. ప్రజల్లో భక్తి పెరిగిందని పైవారు ప్రకటించారు.

వేల ఏళ్ల తర్వాత మీరు వచ్చి, తలెత్తి చూసి, ఎంతటి సమష్టి కృషి అని నివ్వెరపోతారు. నివ్వెరపోండి. కానీ ముందు, గోధుమరంగు దారంతో ముడేసిన ఆ సంచిని బయటికి తీసి ఉర్కి చేతికివ్వండి.