గుట్ట వీధికి వరద గీత

ఆ ఉదయం పురపాలక ఇంజినీరు గారు చేయదలచుకున్న పనులు రెండే. ముప్పై ఏళ్ళ కిందటి వరద ఎంత ఎత్తున వచ్చిందో ఏటి ఒడ్డు వీధి గోడల మీద నీలి గీతతో గుర్తు పెట్టించడం మొదటిది. తన అత్తగారి చేత ఒక సంతకం పెట్టించడం రెండవది. మొదటిది సులువనీ రెండవది కష్టమనీ ఆమె లెక్క. అంచనాలు వేయడమే వృత్తిగా గల మనిషి ఇంతగా పొరబడడం అరుదు.

అత్తగారు గుట్ట వీధి సంఘానికి అధ్యక్షురాలు. వరద వస్తే ఏటి ఒడ్డు వీధిలోని మూడు వందల మంది తలదాచుకోవడానికి ఊళ్ళో ఉన్న చోటు ఒక్కటే, ఆ సంఘం వారి హాలు. సంఘం అంగీకారపత్రం లేనిదే వరద ప్రణాళికను ఆమోదించేది లేదని పైఅధికారి తేల్చి చెప్పారు. గడువు ఆ సాయంత్రమే. వానలకు ఇంకా మూడు వారాలు కూడా లేవు.

“నేలంతా కొత్త పలకలు పరిపించాం. బురద కాళ్ళతో అంతమంది వస్తే ఏం మిగులుతుంది అమ్మాయ్? పైగా వచ్చినవాళ్ళు మళ్ళీ పోతారని ఏమిటి నమ్మకం?” అన్నారు అత్తగారు, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

“నీళ్ళు తగ్గితే పోతారు అత్తయ్యా. వాళ్ళకీ ఇళ్ళున్నాయి కదా.”

చూద్దాంలే అన్నారావిడ. ఆ ఇంట్లో ‘చూద్దాం’ అంటే ‘కాదు’ అని కోడలు పద్నాలుగేళ్ళ కాపురంలో నేర్చుకుంది.

ఆఫీసుకు వెళ్ళగానే రంగులు వేసే మేస్త్రిని పిలిచి, నాలుగు అడుగుల దగ్గర గుర్తు పెట్టిన కర్ర ఒకటి ఇచ్చింది. నేలకు ఆనించి గీత గీయమంది, గీత కింద ‘వరద మట్టం’ అని రాయమంది, ఒక్క గోడ కూడా వదలవద్దంది. ఏ గోడ దగ్గర ఆగాలో మాత్రం చెప్పలేదు. తరువాత పైఅధికారితో సమావేశానికి కూర్చుని, మర్యాద కొద్దీ ఫోను నోరు నొక్కేసింది.

ఏటి ఒడ్డు వీధి చదునుగా ఉంటుంది కనుక అక్కడ కర్ర అబద్ధం ఆడలేదు. మేస్త్రి పనిమంతుడు. తొమ్మిదిన్నరకే వీధి పూర్తయింది, డబ్బాలో సగం రంగు మిగిలింది. మిగిలిన రంగును ఇంటికి పట్టుకుపోయే రకం కాదతను. ఎదురుగా ఇంకా గోడలున్నాయి. గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. నేల లేచినకొద్దీ కర్ర లేచింది. కర్రతో పాటు వరదా లేచింది. పదకొండు గంటలకల్లా అది ఏటికి తొంభై అడుగుల ఎత్తున, అత్తగారి కిటికీ చువ్వలను తాకింది.

ఆవిడ బయటికి వచ్చి గీత చూశారు. ఇదేమిటని మేస్త్రిని నిలదీశారు.

“నాలుగు అడుగులే అమ్మగారూ. అంతకు మించి రాదు,” అన్నాడతను ధైర్యం చెబుతూ.

“ఎప్పుడొస్తుందట?”

తెలియదని ఒప్పుకోవడం మేస్త్రికి చిన్నతనంగా తోచింది. “అవన్నీ పైవాళ్ళకే తెలుసండీ. బయటికి చెప్పరు.”

అత్తగారు కోడలికి ఏడుసార్లు ఫోను చేశారు. ఎత్తలేదు. అంటే సంగతి అంత గుట్టుగా ఉంచారన్నమాట. ఉదయం సంతకం కోసం కోడలు అంత బతిమాలడంలోని ఆంతర్యం కూడా అప్పుడే బోధపడింది. వరదలో ఎలా బతకాలో తెలిసినవాళ్ళు ఊళ్ళో ఒక వీధిలోనే ఉన్నారు. పడవలున్నదీ ఆ వీధిలోనే. ఆవిడ వీధంతా కేకేసి చెప్పిన పావుగంటలో నలభై కుటుంబాలు మూటాముల్లెతో, తోపుడు బండి మీద ఒక ఫ్రిజ్‌తో, గుట్ట దిగి ఏటి ఒడ్డుకు బయలుదేరాయి.

ఏటి ఒడ్డు వాళ్ళు ఎందుకొచ్చారని అడగలేదు. చాపలు పరిచారు, ముసలివాళ్ళను అరుగుల మీదికి ఎక్కించారు. కుట్టుపని చేసే ఆవిడ తన కొలతల పుస్తకంలో ఇంటింటికీ ఎంతమందో రాసుకుంది. బట్టలు కత్తిరించే బల్ల ఖాళీ చేసి అత్తగారిని కూర్చోబెట్టి, అప్పుడు అడిగింది.

“గుట్ట మునుగుతుందా పెద్దమ్మగారూ? మరి మేమెక్కడుంటామండీ?”

అత్తగారు ఎదుటి గోడ మీది నీలి గీత చూశారు. గుమ్మంలోంచి కనిపిస్తున్న ఏరు చూశారు. మోకాలి లోతు కూడా లేదు. తల ఎత్తి, తాము దిగివచ్చిన గుట్టను చాలాసేపు చూశారు.

“సరేలెండి. వచ్చారు కదా, టీ తాగి వెళ్ళండి,” అంది కుట్టుపని ఆవిడ. నవ్వు ఆపుకోవడానికి పాపం చాలా కష్టపడింది.

సమావేశం ముగిశాక ఫోను చూసుకుని, సంగతి తెలుసుకున్న ఇంజినీరు గారు ఏటి ఒడ్డుకు పరుగున వచ్చారు. వెనకాలే పైఅధికారి. ఉద్యోగం సంగతి సరే, ఇక ఏ సంఘమూ ఏ జన్మలోనూ సంతకం పెట్టదని ఆమె నిశ్చయించుకుంది.

“ఆ కాగితం ఏదమ్మాయ్?” అన్నారు అత్తగారు. కోడలు చేతిసంచీలోంచి తీసిన పత్రాన్ని బల్ల మీద పరిచి సంతకం పెట్టారు. “మూడొందల మందీ రావచ్చు. వీళ్ళు నన్ను బయట నిలబెట్టి ప్రశ్నలు వేయలేదు.”

పైఅధికారి కొలతల పుస్తకంలోని జాబితాను, వరుసగా కూర్చున్న నలభై కుటుంబాలను పరిశీలించి, ఇంత క్రమశిక్షణతో జరిగిన వరద మాక్ డ్రిల్లును తన సర్వీసులో చూడలేదని అక్కడే నివేదిక రాశారు. ప్రణాళిక ఆమోదం పొందింది. నివేదిక చివర ఒక్క సూచన మాత్రం చేర్చారు: వచ్చేసారి ప్రజలు వ్యతిరేక దిశలో నడవవలెను.