మూత తీస్తే అరగంట

ఆ శనివారం పాదరసం వేసుకున్న పథకంలో అతను చేయవలసిన పని దాదాపు ఏమీ లేదు. పొద్దున్న ఆరున్నరకి టర్కీ కోడి రొమ్ము ముక్కని స్లో కుక్కర్లో పెట్టి మీట తిప్పాలి. పన్నెండున్నరకి తీయాలి. ఒంటిగంటకి అత్తగారికి వడ్డించాలి. మధ్యలో ఆరు గంటలూ ఏమీ చేయకుండా కూర్చోవాలి. ఈ చివరి భాగమే అతని కొంప ముంచింది.

పాదరసం అతని అసలు పేరు కాదు. పందొమ్మిదేళ్లుగా అతను థర్మామీటర్లను పరీక్షించే ప్రయోగశాలలో పని చేస్తున్నాడు. ఆసుపత్రులకీ ఫ్యాక్టరీలకీ వెళ్లే ప్రతి థర్మామీటరూ నిజం చెబుతోందో లేదో చూస్తాడు. చెబితే ముద్ర వేస్తాడు, చెప్పకపోతే పక్కన పడేస్తాడు. ఆ ఉద్యోగాన్నీ, ఒక్కచోట కుదురుగా ఉండని అతని తీరునీ చూసి బావమరిది పెట్టిన పేరది. పెళ్లయిన నెలకే ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది.

భార్య ఆసుపత్రిలో హెడ్ నర్సు. వేరే ఊళ్లో ఉన్న నర్సింగ్ స్కూల్లో ఏడాదిపాటు పాఠాలు చెప్పే అవకాశం ఆమెకి రావడం ఇది మూడోసారి. మొదటిసారి వచ్చినప్పుడు పాదరసానికి కామెర్లు వచ్చాయి. రెండోసారి వచ్చినప్పుడు బల్బు మారుస్తూ స్టూలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండుసార్లూ ఆమె సంతకం పెట్టవలసిన కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని, "పోనీలెండి" అంది. ఇంకో మాట అనలేదు. తిట్టి ఉంటే అతనికి ఇంత బాధ ఉండేది కాదు.

ఈసారి అడ్డం పడ్డది అత్తగారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. "ఆయనకి నీళ్లు కాచుకోవడం కూడా రాదు. ఏడాదిపాటు ఏం తింటారు? ఒక్క పూట నాకు వండి పెట్టమను. తినగలిగితే నువ్వు వెళ్లు" అని కూతురికి తేల్చి చెప్పారు. సంతకం పెట్టిన కాగితం ఆ శనివారం సాయంత్రం అయిదింటిలోగా ఆసుపత్రి ఆఫీసులో అందాలి.

టర్కీ ఎందుకంటే, పాదరసం బాగా ఆలోచించాడు. మామూలు కోడి వండితే అత్తగారి కోడితో పోలుస్తారు. చేప వండితే అత్తగారి అమ్మగారి చేపతో పోలుస్తారు. టర్కీ ఆ వంశంలో ఎవరూ వండలేదు, కాబట్టి పోల్చడానికి ఎవరూ లేరు. స్లో కుక్కర్ ఎందుకంటే, ఆ పింగాణీ కుండ సన్నని సెగ మీద తన పని తనే చేసుకుంటుంది. ఆరేళ్ల క్రితం ఎవరో బహుమతిగా ఇస్తే అటక మీద పడి ఉంది.

పొద్దున్న ఆరున్నరకి ముక్కకి ఉప్పు, మిరియాలు, వెన్న పట్టించి, ఉల్లిపాయలూ వెల్లుల్లీ పరిచిన కుండలో పెట్టి మూత వేశాడు. డ్యూటీకి వెళ్తూ భార్య చెప్పులు వేసుకుని కూడా వెనక్కి వచ్చింది.

"ఏవండీ, దాన్ని ముట్టుకోకండి. అదే ఉడుకుతుంది."

"నేనెందుకు ముట్టుకుంటాను?" అన్నాడు పాదరసం నొచ్చుకుని.

గంటసేపు ముట్టుకోలేదు కూడా. ఎదురుగా స్టూలు వేసుకుని చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు కనిపించింది ఆ మీట. దాని చుట్టూ 'తక్కువ', 'ఎక్కువ', 'వెచ్చగా' అని మాత్రమే రాసి ఉంది. అంకెలు లేవు. తక్కువ అంటే ఎంత? ఎవరికి తక్కువ? పందొమ్మిదేళ్లు అర డిగ్రీ తేడాకి థర్మామీటర్లని చెత్తబుట్టలో వేసిన మనిషికి ఇది మొహం మీద కొట్టినట్టు అనిపించింది.

ఏడున్నరకి బీరువాలోంచి తన సొంత థర్మామీటర్ తీసి, మూత ఎత్తి, ముక్కలో గుచ్చాడు. ఇరవై నాలుగు డిగ్రీలు. నోట్‌బుక్కులో రాసుకున్నాడు. దాన్ని గుచ్చి వదిలేద్దామంటే మూత పడదు. తీసేసి మూత పెట్టాడు. ఎనిమిదింటికి మళ్లీ చూస్తే ఇరవై తొమ్మిది. ఎనిమిదిన్నరకి ముప్ఫై మూడు. తొమ్మిదింటికి ముప్ఫై ఆరు. కోడి మాంసం తినాలంటే డెబ్బై నాలుగు రావాలి. కరెంటు సరిగ్గా అందడం లేదేమో, పడగ్గదిలో ప్లగ్గు బాగుంటుంది కదా అని కుక్కర్ని పక్కకి జరిపాడు.

అప్పుడు కనిపించింది, కుక్కర్ వెనక అంటించి, ఇంతసేపూ గోడవైపు తిరిగి ఉన్న చీటీ. 'మూత తీసిన ప్రతిసారీ వేడి పోతుంది. వంట సమయానికి అరగంట కలుపుకోవలెను.'

పాదరసం ఆ చీటీని మూడుసార్లు చదివాడు. అరగంటకోసారి మూత తీశాడు. తీసినప్పుడల్లా అరగంట పెరిగింది. అంటే ఇందాకటినుంచి అతను చూస్తున్నది ముక్క ఉడకడం కాదు, ఉడక్కుండా తను ఆపడం. నాలుగుసార్లకి రెండు గంటలు. పన్నెండున్నర కాస్తా రెండున్నర అయింది.

కంగారులో మీటని 'ఎక్కువ' వైపు తిప్పాడు. మీట చేతిలోకి ఊడి వచ్చింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ ఎక్కలేదు, సెగ 'తక్కువ' మీదే ఉండిపోయింది. సరే, ఉన్న వేడినైనా కాపాడుకుందామని కుక్కర్ని పడగ్గదికి మోసుకెళ్లి, మంచం మీద పెట్టి, ప్లగ్గు తగిలించి, చలికాలం రజాయి నిండా కప్పాడు.

తొమ్మిదిన్నరకి అత్తగారు వచ్చారు. ఒంటిగంట భోజనానికి తొమ్మిదిన్నరకి రావడం ఆవిడకి మామూలే. బడికి కూడా గంట కొట్టేవాడికన్నా ముందే వెళ్లేవారట. చేతిలో పెద్ద పెట్టె ఉంది. మూడంతస్తులు మోసుకొచ్చి గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డారు. పాదరసం ఆ పెట్టె అందుకోబోయి ముందుకు తూలాడు. ఒక పూట భోజనానికి ఇంత బరువెందుకో అడగాలని కూడా తోచలేదు. అతని బుర్ర నిండా డిగ్రీలే ఉన్నాయి.

"వంటగదిలో వంటేది బాబూ?" అని ఆవిడ ఇల్లంతా ఒక చుట్టు చుట్టారు.

"అవుతోంది అత్తయ్యగారూ."

"ఎక్కడ?"

అబద్ధం చెప్పేలోపే ఆవిడ పడగ్గదిలోకి వెళ్లిపోయారు. రజాయి తొలగించి, మూత ఎత్తి, లోపలికి వంగి చూస్తూ ఉండిపోయారు. మూత ఆవిడ చేతిలోనే ఉంది. పాదరసానికి ఒక్కొక్క క్షణం ఒక్కొక్క డిగ్రీలా గాలిలో కలిసిపోతున్నట్టుంది.

"మూత అత్తయ్యగారూ! దయచేసి మూత!"

"నేను కిందికి వెళ్లి కాస్త బ్రెడ్డు తెస్తాను. ఎందుకైనా మంచిది" అని ఆవిడ సంచి తీసుకుని వెళ్లిపోయారు. ఆవిడ తీసిన మూత వల్ల ఎంత నష్టం జరిగిందో తెలుసుకోవడానికి పాదరసం మళ్లీ మూత తీశాడు. ముప్ఫై ఎనిమిది. మూత తీయడం మొత్తం ఆరుసార్లు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి టైలరమ్మ కుట్టిన కర్టెన్లు ఇవ్వడానికి వచ్చింది. తలుపు తీసే ఉంది. పెద్దావిడ రొప్పుకుంటూ మెట్లెక్కడం ఆమె ఇందాకే చూసింది. ఇప్పుడు పడగ్గదిలో రజాయి కింద ఏదో ఎత్తుగా ఉంది. పక్కన ఇంటాయన చేతిలో థర్మామీటర్, ఒళ్లో నోట్‌బుక్కు, మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"అయ్యో అన్నయ్యగారూ, ఎప్పటినుంచి ఇలాగ?"

"పొద్దున్నుంచీ ఇంతే. ముప్ఫై ఎనిమిది" అన్నాడు పాదరసం, కనీసం ఒక్కరైనా అడిగారన్న ఊరటతో.

"ఒకసారి చూడనా?"

"వద్దు! ఎవరూ ముట్టుకోవద్దు. ఇంకా ముట్టుకుంటే అస్సలు దక్కదు. నేనైతే ఆశ వదిలేసుకున్నానమ్మా."

టైలరమ్మ కర్టెన్లు అక్కడే పడేసి, ఇంటికి పరిగెత్తి, ఆసుపత్రికి ఫోన్ చేసింది. 'మీ అమ్మగారు' అని మొదలుపెట్టి, మిగతాదంతా ఏడుస్తూ చెప్పింది.

పదింబావుకి మెట్ల మీద పెద్ద చప్పుడు. స్ట్రెచర్ మలుపులో ఇరుక్కుని రెండో అంతస్తువాళ్ల పూలకుండీని పగలగొట్టింది. ముందు భార్య, వెనక డాక్టరుగారు, ఆ వెనక స్ట్రెచర్‌తో ఇద్దరు వార్డు మనుషులు, అందరికన్నా వెనక కళ్లు తుడుచుకుంటూ టైలరమ్మ. పాదరసం నోరు తెరిచేలోపే భార్య అతన్ని పక్కకి నెట్టి పడగ్గదిలోకి దూసుకుపోయింది.

డాక్టరుగారు మెల్లగా రజాయి తొలగించారు. కుండని చూశారు. చాలా ఏళ్ల అనుభవం ఉన్న మనిషి కాబట్టి తొణకలేదు. మూత ఎత్తి చూశారు. ఏడు. నమ్మలేక భార్య ఎత్తి చూసింది. ఎనిమిది. పెద్దావిడ అందులో లేరని ఖాయం చేసుకోవడానికి టైలరమ్మ ఎత్తింది. తొమ్మిది. స్ట్రెచర్ మోసుకొచ్చినందుకు ఆ మాత్రం హక్కు తమకీ ఉందని వార్డు మనుషులిద్దరూ చెరోసారి ఎత్తారు. పాదరసం పదకొండు లెక్కపెట్టి, గోడకి జారగిలబడి, కాళ్లు బారజాపుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

"కరెంటు కుక్కర్‌కి రజాయి కప్పుతారా? ఇల్లు తగలబడిపోదూ?" అని భార్య రజాయిని లాగి పారేసింది. తర్వాత గది నాలుగు మూలలా చూసింది. "మా అమ్మ ఏది?"

వాళ్లమ్మ అప్పుడే బ్రెడ్డుతో గుమ్మంలోకి వచ్చారు. పగిలిన పూలకుండీ, గుమ్మంలో స్ట్రెచర్, లోపల డాక్టరు, నేల మీద అల్లుడు. ఆవిడ చేతిలో సంచి జారిపోయింది.

"అయ్యో! ఒక్క పూట వండమన్నందుకే ప్రాణం తీసుకున్నారా బాబూ!"

ఆవిడకి నీళ్లు పట్టించి, అల్లుడు బతికే ఉన్నాడని నమ్మించి, సంగతంతా ఒకరికొకరు చెప్పుకునేసరికి పదకొండు దాటింది. పాదరసం అప్పటికే లెక్క కట్టేశాడు. పదకొండుసార్లు. సారికి అరగంట చొప్పున అయిదున్నర గంటలు. పన్నెండున్నరకి కలిపితే సాయంత్రం ఆరు. కాగితానికి గడువు అయిదింటికి.

భార్య కూడా ఆ నోట్‌బుక్కు చూసింది. బ్యాగులోంచి కాగితం తీసింది. ఒకసారి మొత్తం చదువుకుంది. మడతల మీదుగా మళ్లీ మడిచింది.

"పోనీలెండి" అంది.

ఆ మాట వినగానే పాదరసం లేచి నిలబడ్డాడు. డాక్టరున్నారనీ వార్డు మనుషులున్నారనీ చూడలేదు. "అలా అనకు. ఇంకోసారి ఆ మాట అంటే నేను తట్టుకోలేను. నాకు వంట రాదు. ఆర్నెల్లు నేర్చుకున్నా రాదు. అసలు నాకు మూత పెట్టి ఊరుకోవడమే రాదు. అయినా నువ్వు వెళ్లు. నేను బ్రెడ్డు తిని బతుకుతాను. నా మూలంగా మూడోసారి కూడా ఆగిపోతే, రేపటినుంచి నీ మొహం ఎలా చూడమంటావు?"

భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారు అల్లుణ్ని కళ్లజోడు పైనుంచి చూశారు, మొదటిసారి సరైన జవాబు చెప్పిన వెనకబెంచీ పిల్లాణ్ని చూసినట్టు.

"బ్రెడ్డెందుకు తినడం? నేను లేనూ?" అన్నారు.

పెట్టె తెరిచారు. అందులో ఎండాకాలం చీరలూ చలికాలం చీరలూ, శాలువా, దిండు, రెండు జతల చెప్పులు, అలారం గడియారం, ఏడాదికి సరిపడా మందులు, కొత్త క్యాలెండరు ఉన్నాయి. అట్టడుగున ఎర్రసిరా పెన్నులు ఒక డజను.

పాదరసం వాటిని ఒక్కొక్కటే చూశాడు. "అంటే మీరు ముందే... మరి ఈ వంట పరీక్ష ఎందుకు పెట్టారు అత్తయ్యగారూ?"

"ఫలితం తెలియకుండా నేనెప్పుడూ పరీక్ష పెట్టలేదు బాబూ."

భార్య సంతకం పెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. అక్కడే తల్లి ఎర్రసిరా పెన్ను తీసుకోబోతే డాక్టరుగారు ఆపి తన నీలం పెన్ను ఇచ్చారు. వచ్చిన బండిలోనే ఆమెని ఆఫీసుకి తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, అందరూ చూస్తుండగానే, ఆమె భర్త చేతిని గట్టిగా పట్టుకుని వదిలింది. పందొమ్మిదేళ్లలో పాదరసం కొలవలేకపోయిన వేడి అదొక్కటే.

మధ్యాహ్నమంతా అత్తగారు పడగ్గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. అతను రెండుసార్లు లేచాడు. ఆవిడ రెండుసార్లూ చూశారు. అతను రెండుసార్లూ కూర్చున్నాడు. భార్య నాలుగింటికి రసీదుతో తిరిగొచ్చి, తల్లి పక్కనే ఇంకో కుర్చీ వేసుకుంది. సరిగ్గా ఆరింటికి మూత తీయనిచ్చారు. డెబ్బై నాలుగు. ముక్క గరిటె తగిలితే చాలు విడిపోతోంది. వెన్న, వెల్లుల్లి వాసన ఇల్లంతా నిండింది. భార్య రెండుసార్లు వడ్డించుకుంది. టైలరమ్మ గిన్నె తెచ్చుకుని మరీ పట్టుకెళ్లింది.

అత్తగారు మాత్రం ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నింపాదిగా నమిలారు. తర్వాత ఎర్రసిరా పెన్ను తీసి, పాదరసం నోట్‌బుక్కులోనే మార్కులు వేశారు. వందకి ముప్ఫై నాలుగు.

"ఒక్క మార్కులో పోయింది. వచ్చే శనివారం మళ్లీ రాద్దురుగాని. ఏడాది ఉందిగా" అన్నారు.

పాదరసం నోట్‌బుక్కు తీసుకుని, కొత్త పేజీ తిప్పి, 'మొదటి రోజు' అని రాసి, దాని ఎదురుగా 'మిగిలినవి: మూడు వందల అరవై నాలుగు' అని వేసుకున్నాడు.