మనసు పరీక్షకు మా ప్రిపరేషన్

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తున్నాను. మా అమ్మాయి సైకాలజిస్టు దగ్గర ఫెయిలవుతుందేమోనని.

అందుకే పిల్లల మనసుకు పెట్టే పరీక్షకు వీధికో కోచింగ్ సెంటర్ ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. లెక్కలకు ట్యూషన్, డాన్సుకు ట్యూషన్, ఆఖరికి చేతిరాతకూ ట్యూషన్ పెట్టించే మనం, మనసును మాత్రం సొంతంగా చదువుకొమ్మని వదిలేస్తామా?

మా ఇంటి సంగతే చూడండి. రెండో తరగతి చదివే మా పిల్ల, స్కూలు వ్యాను హారన్ వినబడితే చాలు, బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంటోంది. "ఎవరికైనా చూపించండమ్మా" అన్నారు టీచరు.

నేను తొమ్మిదిలోనే చదువు ఆపేసినదాన్ని. పరీక్ష అన్న మాట వింటే ఇప్పటికీ నాకు భయమే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివించినవాళ్లు లేరు. నా బిడ్డకు ఆ లోటు రానిస్తానా?

వెంటనే ప్రిపరేషన్ మొదలుపెట్టించాను. కుటుంబం బొమ్మ వెయ్యమంటే అందరూ చేతులు పట్టుకుని ఉండాలి. అందరూ నవ్వుతూ ఉండాలి. మా అత్తగారిని కూడా నవ్వుతున్నట్టే వేయించాను. ఆవిడ ఆ బొమ్మను తిప్పి తిప్పి చూసి, "ఈవిడెవరే, మీ అమ్మ తరఫు చుట్టమా?" అన్నారు. రంగుల డబ్బాలోంచి నలుపు తీసి దాచేశాను. కోపం వస్తుందా అని అడిగితే, "నాకు ఎవరిమీదా కోపం లేదు" అనాలి. స్కూలు గురించి అడిగితే మాత్రం తలెత్తి, పళ్లు కనబడేలా, "స్కూలంటే నాకు చాలా ఇష్టం" అనాలి.

"ఇదేమన్నా ఉద్యోగం ఇంటర్వ్యూనా?" అని మా ఆయన ఎగతాళి చేశారు. తండ్రిని కూడా ప్రశ్నలడుగుతారట అనేసరికి ఆయనా బుద్ధిగా కూర్చుని ఒక జవాబు బట్టీ పట్టారు: "నేను ఇంట్లో అస్సలు అరవను." అప్పజెప్పేటప్పుడు పక్కింటివాళ్లు కిటికీ తెరిచి చూశారు.

పరీక్ష రోజు రానే వచ్చింది. సైకాలజిస్టు మేడం మా పిల్లను దగ్గరకు పిలిచి, "మంచినీళ్లు కావాలా?" అని అడిగారు. మా పిల్ల తలెత్తి, పళ్లు కనబడేలా, "నాకు ఎవరిమీదా కోపం లేదు" అంది.

మొదటి ప్రశ్నే సిలబస్‌లో లేనిది ఇస్తే ఎలాగండీ? మిగతావన్నీ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. అయినా మేడం, "వచ్చే వారం ఏమీ నేర్పించకుండా తీసుకురండి" అన్నారు. చదవకుండా రమ్మనే పరీక్ష లోకంలో ఎక్కడైనా ఉందా?

మర్నాడు పొద్దున్నే హారన్ మోగింది. బాత్రూం గడియ పడింది.

"ఏమైంది తల్లీ? ఎవరైనా ఏమైనా అన్నారా? అమ్మకు చెప్పు."

 లోపలి నుంచి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, "స్కూలంటే నాకు చాలా ఇష్టం."

ఫెయిలవుతుందని భయపడ్డాను కదా. పాసయింది. ఎవరడిగినా, నేనడిగినా సరే, ఇక పాసవుతూనే ఉంటుంది. తల ఎత్తిందో దించిందో తలుపు ఇవతలి నుంచి నాకు కనబడలేదు.

వ్యాను వెళ్లిపోయింది. నేను తలుపు పక్కనే కూర్చుని ఉన్నాను, ఈసారి జవాబు అందించకుండా.

మీ ఇంట్లో కూడా, ఎలా ఉన్నావని అడిగీ అడగ్గానే తడుముకోకుండా "బాగున్నాను" అనే పిల్లో పిల్లాడో ఉండే ఉంటారు. ఈ కాగితం పక్కన పెట్టి, ఒక్కసారి లేచి వెళ్లి చూసి రండి.