మా అమ్మాయి మోచేయి, నా స్లో మోషన్

బంతిని కొట్టడం ఎవరికైనా వస్తుంది. చక్కటి భంగిమలో కొట్టలేకపోవడం నేర్పాలంటే మాత్రం నాలాంటి తండ్రి కావాలి!

మా రెండో అమ్మాయికి పన్నెండేళ్లు. స్కూలు సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడుతుంది. మొన్నమొన్నటి దాకా దానికి బ్యాటింగ్‌లో ఓనమాలు తెలియవు. బంతి వస్తే కొట్టేది, బంతి కంచె దాకా పోయేది, ఇది నవ్వుకుంటూ పరిగెత్తేది. ఇంత అజ్ఞానాన్ని కన్నతండ్రి ఎలా చూస్తూ ఊరుకుంటాడు, మీరే చెప్పండి?

అందుకే స్లో మోషన్ ఫోన్ తెచ్చాను. మొదటి వీడియో చూడగానే నాకు చెమటలు పట్టాయి. వెనక మోచేయి గాల్లో ఉంది! నడుము తిరగకముందే భుజం తిరుగుతోంది. ముందు కాలి మడమ ఎప్పుడు నేలకు ఆనుతుందో దానికే తెలియదు. ఇన్ని తప్పులున్నా బంతి కంచె దాకా వెళ్లిందంటే, పాపం, ఆ బంతికీ ఏమీ తెలియదన్నమాట.

నాకు బ్యాటింగ్ వచ్చా అని అడుగుతారేమో. నేను బ్యాటు పట్టుకునేది కారు డిక్కీలో పెట్టడానికే. అయితేనేం? ఆఫీసులో పదహారేళ్లుగా ఇతరులు రాసిన రిపోర్టులు దిద్దుతున్నాను, సొంతంగా ఒక్కటీ రాసిన పాపాన పోలేదు.

హాల్లో సోఫా జరిపి, అమ్మాయిని అద్దం ముందు నిలబెట్టి రోజుకో తప్పు దిద్దాను. ఇప్పుడు మా అమ్మాయి పళ్లు తోముకునేటప్పుడు కూడా మోచేయి దించే తోముకుంటుంది. మైదానంలో అవతలి అమ్మాయి బంతి విసరబోతుండగా దీని పెదవులు కదులుతాయి. మోచేయి, నడుము, మడమ, భుజం. భుజం దాకా వచ్చేసరికి బంతి వెనకున్న క్యాచర్ చేతిలో ఉంటుంది. కానీ ఆ నిలబడ్డ తీరు! ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు.

వాళ్ల కోచ్ మేడమ్ ఉన్నారు. ఎంతసేపూ "బంతిని చూడమ్మా" అంటారు. ఈ మాత్రానికి ఒక కోచా? పైగా ఆదివారం మ్యాచ్‌లో కూడా ఇలాగే ఆడితే జట్టులోంచి తీసేయక తప్పదని నాతోనే చెప్పారు. దిద్దాల్సినవి ఇంకా పదకొండు ఉన్నాయని, కాస్త ఓపిక పట్టమని నేను ఆవిడకు నచ్చజెప్పాను.

శనివారం గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ, తలెత్తకుండానే అంది మా అమ్మాయి.

"నాన్నా, రేపు అమ్మ ఒక్కతే వస్తుంది. నువ్వు ఫోన్ చార్జింగ్ పెట్టుకుని ఇంట్లోనే ఉండు."

నేనేమీ నొచ్చుకోలేదు. ఆదివారం పాత వీడియోలు ముందేసుకుని మడమలు చూసుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం మా ఆవిడ వచ్చి చెప్పింది. రెండుసార్లు తప్పిందట. మూడోసారి కొట్టిన బంతి కంచె దాటి రోడ్డు మీద పడిందట. జట్టులో చోటు ఖాయమట.

"మోచేయి ఎలా ఉంది?" అని అడిగాను.

"ఏమోనండీ, నేను దాని మొహం చూస్తున్నాను" అంది.

నా ఫోన్లో మా అమ్మాయి వీడియోలు నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. దేన్నయినా ఎనిమిది రెట్లు నెమ్మదిగా చూడొచ్చు. సాయంత్రం కూర్చుని, అది నవ్వుతున్నది ఒక్కటైనా ఉందేమోనని వెతికాను. అన్నీ భుజం నుంచి కిందికే తీశాను.